బాయిలర్‌కు నంబరు ఉంది, మరి దాన్ని నడిపే మనిషికి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఐటీఐ ఫిట్టర్ చదివాను. జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే యూనిట్‌లో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద బాయిలర్ హౌస్‌లో పనిచేస్తున్నాను. మూడు టన్నుల బాయిలర్, పక్కనే ఒక థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్. రాత్రి షిఫ్టు రెండూ నేనే చూసుకుంటాను. ఒక ఏజెంటు నాలుగు వేలు ఇస్తే ప్రభుత్వ నైపుణ్య రిజిస్ట్రేషన్ కార్డు ఇప్పిస్తానంటున్నాడు. ఇష్టమున్నవాళ్లు మాత్రమే చేయించుకునే రిజిస్ట్రేషన్ అట. దానివల్ల నిజంగా లాభం ఉందా? అది ఉంటే బాయిలర్ పరీక్ష రాయనక్కరలేదా?

జవాబు:

తమ్ముడూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. బాయిలర్ పరీక్ష రాయాలి. చేతిలో ఏ కార్డు ఉన్నా రాయాలి. ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయాలి. నేను 31 ఏళ్లు బాలానగర్, పటాన్‌చెరు ప్రాంతాల బాయిలర్ హౌస్‌లలో పనిచేసి రిటైరయ్యాను. ఫైర్‌మన్ పక్కన బొగ్గు మోసే పనితో మొదలై ఫస్ట్ క్లాస్ అటెండెంట్ దాకా వచ్చాను. మీరున్న చోటు నాకు బాగా తెలుసు కాబట్టి దాచకుండా చెబుతాను.

మన పనిలో కాగితాలు రెండు రకాలు. చట్టం అడిగేవి కొన్ని, మనంతట మనం తీసుకునేవి కొన్ని. ఏజెంట్లు బతికేది ఈ రెంటినీ కలగాపులగం చేసి. బాయిలర్‌కు సంబంధించినంతవరకు మన దేశంలో 1923 నుంచే చట్టం ఉంది. 2025లో దాని స్థానంలో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. కొత్త చట్టం చిన్న తప్పులకు జైలు తీసేసి జరిమానా పెట్టింది కానీ, ప్రాణాల మీదికి తెచ్చే తప్పులకు శిక్షను అలాగే ఉంచింది. నీరు పట్టే పరిమాణం 25 లీటర్ల లోపు ఉన్నా, పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కంటే తక్కువైనా, నీటిని వంద డిగ్రీల లోపే వేడిచేసేదైనా ఆ చట్టం పరిధిలోకి రాదు. మీది గంటకు మూడు వేల కిలోల ఆవిరి ఇచ్చే బాయిలర్. అది చట్టం పరిధిలోదే, అందులో సందేహమే లేదు. అలాంటి బాయిలర్‌ను సర్టిఫికెట్ ఉన్న అటెండెంటు చూసుకోవాలి. 2011లో వచ్చిన బాయిలర్ అటెండెంట్ల నియమావళి ప్రకారం ముందు సెకండ్ క్లాస్, తర్వాత అనుభవంతో ఫస్ట్ క్లాస్. అంతకుముందు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమావళి ఉండేది, ఇప్పుడు దేశమంతటికీ ఒకటే. బాయిలర్లన్నీ కలిపి హీటింగ్ సర్ఫేస్, అంటే నీటికి వేడి అందించే ఉపరితలం, వెయ్యి చదరపు మీటర్లు దాటే పెద్ద ప్లాంట్లకు అటెండెంటు సరిపోడు, బాయిలర్ ఆపరేషన్ ఇంజినీరు కావాలి. అది మీకు ఇప్పటికి అవసరం లేని సంగతి.

మీరు రాసిన ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది. రాత్రి షిఫ్టు మీరే చూసుకుంటున్నారు, మీకు సర్టిఫికెట్ లేదు. అంటే పగలు ఉండే అటెండెంటు పేరు మీద రాత్రి బాయిలర్ నడుస్తోంది. ఇది మీ తప్పని అనను, చాలాచోట్ల ఇలాగే జరుగుతోంది. కానీ ఏదైనా జరిగితే మొదట వేలు చూపించేది మీవైపే. లాగ్‌బుక్కులో మీ చేతిరాత ఉంటుంది, అనుమతి పత్రంలో మీ పేరు ఉండదు. ఈ మాట మీ మేనేజరుకు మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి. పరీక్ష రాయడానికి అవకాశమివ్వమని, అంతవరకు రాత్రి షిఫ్టుకు సర్టిఫికెట్ ఉన్నవారిని పెట్టమని అడగండి. ఉద్యోగం పోతుందన్న భయం నాకూ తెలుసు. అయినా అడగండి.

నేను పనిలో చేరిన కొత్తలో, 1988లో అనుకుంటాను, ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు, అందరం మేస్త్రి అనేవాళ్లం. సింగరేణి బొగ్గుతో నడిచే పాత బాయిలర్. ఒక రాత్రి, లోపలి నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనిపించలేదు. గ్లాసు కాక్‌లు తిప్పి చూసినా నీటి జాడ లేదు. షిఫ్టు సూపర్‌వైజరు కంగారుగా ఫీడ్ పంపు వేయమని అరిచాడు. నేను స్విచ్చు దగ్గరికి పరిగెత్తాను. మేస్త్రి నా మణికట్టు పట్టుకున్నారు. ఇప్పటికీ ఆ పట్టు గుర్తుంది. "పంపు జోలికి వెళ్లకు, నిప్పు లాగు" అన్నారు. ఇద్దరం కలిసి పొయ్యిలోని నిప్పంతా బయటికి లాగాం. గాలి ఫ్యాను ఆపాం. తెల్లవారేదాకా బాయిలర్‌ను దానంతట అది చల్లారనిచ్చాం. తర్వాత తెరిచి చూస్తే పైవరుస ట్యూబులు కొద్దిగా వంగి ఉన్నాయి. ఆ ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లని నీళ్లు పడి ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

దీని వెనుక కారణం కొత్తవాళ్లకు తెలియాలి. పది కిలోల పీడనంలో నీరు సుమారు 184 డిగ్రీల వేడి దాకా నీరుగానే ఉంటుంది. బాయిలర్ గోడ ఎక్కడైనా చీలి ఆ పీడనం ఒక్కసారిగా తగ్గితే, లోపలి నీటిలో కొంత భాగం కన్నుమూసి తెరిచేలోగా ఆవిరైపోతుంది. మామూలు గాలి పీడనం దగ్గర ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఇటుక గోడలను పడగొట్టే బలం ఆ వ్యాకోచానిదే. చాలా బాయిలర్ ప్రమాదాలు నీరు తగ్గడంతోనే మొదలవుతాయి. అందుకే గ్లాసు వైపు చూసే కన్ను ఏ మీటరుకన్నా ముఖ్యం.

మేస్త్రి కథ అక్కడితో అయిపోలేదు. ఆయనకు చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. ఒకసారి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు యాజమాన్యం సర్టిఫికెట్ ఉన్న ఒక కుర్రవాణ్ని తెచ్చి పెట్టుకోవలసి వచ్చింది. మేస్త్రి హెల్పరయ్యారు. ఆ కుర్రవాడికి పని నేర్పింది ఆయనే. కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. పాతికేళ్లు ఆవిరి మధ్య గడిపిన మనిషి మరో గేటు దగ్గరికి వెళితే, "మీకు పని వచ్చని రుజువు ఏమిటి?" అని అడిగారు. చూపించడానికి ఒక్క కాగితం లేదు. చివరికి ఒక అపార్టుమెంటు దగ్గర కాపలా పనిలో చేరారు.

అప్పటినుంచి నన్ను వదలని ఆలోచన ఒకటి ఉంది. మీ బాయిలర్ దగ్గరికి వెళ్లి చూడండి, దాని మీద ఒక రిజిస్ట్రేషన్ నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు మీద ఒక ఫైలు ఉంటుంది. ఎప్పుడు ఎవరు తయారుచేశారు, ఎన్నిసార్లు హైడ్రాలిక్ టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) జరిగింది, ఏ ట్యూబు ఎప్పుడు మార్చారు, అన్నీ అందులో ఉంటాయి. రేపు ఆ బాయిలర్‌ను మీ యజమాని మిర్యాలగూడలో ఏ ఉప్పుడు బియ్యం మిల్లుకో అమ్మినా ఆ చరిత్ర దాని వెంటే వెళుతుంది. ఇనుముకు అంత గౌరవం ఇచ్చాం. దాని ముందు నిలబడి ఆరేళ్లు రాత్రులు మేలుకున్న మీ చరిత్ర మాత్రం కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ మళ్లీ సున్నా దగ్గర మొదలవుతోంది. ఇష్టపూర్వక రిజిస్ట్రేషన్ అనే మాట వినగానే నేను తీసిపారేయనిది అందుకే. దాని అవసరం నిజం. ఏజెంటు అమ్ముతున్నది ఆ అవసరాన్నే, మందు మాత్రం నకిలీది.

ఇప్పుడు అసలైన వాటి సంగతి. ఈ-శ్రమ్ అనేది 2021 ఆగస్టులో మొదలైన అసంఘటిత కార్మికుల జాబితా. 12 అంకెల నంబరు ఇస్తారు, డబ్బు కట్టనక్కరలేదు. అయితే మీకు పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు పడుతుంటే అది మీకు వర్తించదు. పైగా అందులో మీ వృత్తి ఏమిటో మీరు చెప్పినట్టే నమోదవుతుంది, ఎవరూ పరీక్షించరు. సంక్షేమానికి పనికొస్తుంది, నైపుణ్యానికి రుజువు కాదు. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు కూడా ఉచితమే. అది ఉద్యోగాల వెతుకులాటకు, అంతవరకే.

కాస్త బరువున్నది మరొకటి ఉంది. పని చేస్తూ నేర్చుకున్న విద్యను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. ఆర్‌పీఎల్ అంటారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. మదింపు చేసేవారు వచ్చి పని చేయించి చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు, నెగ్గితే జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో ఒక స్థాయితో సర్టిఫికెట్ ఇస్తారు. ఆ పథకం కింద అభ్యర్థి నుంచి ఫీజు తీసుకోరు. అది దొరికితే తీసుకోండి. కానీ దాని హద్దు కూడా తెలుసుకోండి. బాయిలర్ల శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. ఇన్‌స్పెక్టరు ముందు దాన్ని పెడితే చెల్లదు.

మరి ఎక్కడ పనికొస్తుంది? మీ ప్రశ్నలోనే జవాబుంది. మీరు నడిపే థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్‌లో ఆవిరి ఉండదు, వేడి నూనె తిరుగుతుంది. మన దగ్గర చాలామంది థర్మోప్యాక్ అనే పిలుస్తారు. ఆవిరి లేదు కాబట్టి బాయిలర్ చట్టం దానికి వర్తించదు, దాని ఆపరేటరుకు అటెండెంటు పరీక్షా లేదు. అలాగని అది సాధువు కాదు. 250 డిగ్రీలు దాటిన నూనె పైపులు కలిసే ఒక ఫ్లాంజి దగ్గర కారి, ఇన్సులేషన్‌లో నానితే మంటలే. చిల్లర్లు, పెద్ద కంప్రెసర్లు, ఆసుపత్రుల ఆటోక్లేవ్‌లు, 25 లీటర్లు దాటకుండా తయారుచేసి నాన్ ఐబీఆర్ పేరుతో డ్రై క్లీనింగ్ దుకాణాలకు, హోటళ్లకు అమ్మే చిన్న బాయిలర్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. నాన్ ఐబీఆర్ అనే మాటను చాలామంది ప్రమాదం లేనిదని అర్థం చేసుకుంటున్నారు. అది చాలా తప్పు. ఆ మాటకు బాయిలర్ నిబంధనలు దానికి వర్తించవని మాత్రమే అర్థం. చిన్న కాయిల్‌లోని ఆవిరి కూడా చర్మాన్ని ఒలిచేస్తుంది.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగిన పేలుడు మీరు మరిచిపోయి ఉండరు. 40 మందికి పైగా పోయారు. మొదట రియాక్టర్ పేలిందన్నారు, తర్వాత డ్రయ్యర్ విభాగమని తేలింది. దానికి కార్మికులు కారణమని నేను ఎంతమాత్రం అనడం లేదు. నేను చెప్పేది వేరు. బాయిలర్ అటెండెంటుకు పరీక్షల బోర్డు ఉంది. అలాంటి డ్రయ్యర్ దగ్గర నిలబడే మనిషికి అటువంటిదేదీ లేదు. ఆ పని ఎవరు ఎక్కడ ఎంతకాలం నేర్చుకున్నారో చూపే పుస్తకం రాష్ట్రంలో ఎక్కడా లేదు.

అమెరికాలోనూ ఈ గందరగోళం ఉంది. అక్కడ 1905లో మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్‌లో ఒక బూట్ల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి 58 మంది చనిపోయాక బాయిలర్ల తయారీకి గట్టి నిబంధనలు వచ్చాయి. నడిపే మనిషికి మాత్రం ఈ రోజుకీ దేశమంతటా చెల్లే ఒకే లైసెన్సు లేదు. కొన్ని రాష్ట్రాలు, నగరాలు తప్పనిసరి చేశాయి, కొన్నిచోట్ల అసలు అడగరు. మనం ఈ విషయంలో వాళ్లకంటే ఒక అడుగు ముందే ఉన్నాం, బాయిలర్ వరకు.

నన్నడిగితే, చట్టం అడగని యంత్రాల కోసం మన రాష్ట్రమే ఒక రిజిస్టరు తెరవాలి. మొదట ఇష్టపూర్వకంగానే ఉండాలి. ఒక్కసారిగా తప్పనిసరి చేస్తే మేస్త్రి లాంటివారే మొదట రోడ్డున పడతారు. పరీక్ష తెలుగులో, ఉర్దూలో, హిందీలో నోటితో చెప్పే వీలుండాలి. ఇప్పుడు మన బాయిలర్ హౌస్‌లలో చాలామంది బీహార్, ఒడిశా సోదరులే, వాళ్లను మరిచిపోకూడదు. పరీక్ష లేకుండా పేర్లు రాసుకుంటూపోతే మాత్రం అది ఫోను నంబర్ల పుస్తకం అవుతుంది, ఎవరికీ ఉపయోగపడదు. యంత్రం ముందు నిలబెట్టి అడగాలి. ఎవరు ఏ యంత్రాన్ని ఎన్నాళ్లు నడిపారో అందులో ఉండాలి. యజమానులు ఎవరినైనా పనిలో పెట్టుకునే ముందు ఆ నంబరు కొట్టి చూసుకోగలగాలి. కార్మిక సంఘాల సమావేశాల్లో ఈ మాట చాలాసార్లు చెప్పాను. ఇంకా చెబుతూనే ఉంటాను.

సరే, అది వచ్చేదాకా మీరేం చేయాలి?

పరీక్షకు కూర్చోవాలంటే అనుభవ పత్రం ముఖ్యం. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద "మా దగ్గర పనిచేశాడు" అని రాయించుకుని వస్తారు. అది చాలదు. బాయిలర్ యజమాని, అంటే మీ కంపెనీ, ఇవ్వాలి. అందులో బాయిలర్ రిజిస్ట్రేషన్ నంబరు, హీటింగ్ సర్ఫేస్, పని పీడనం, మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ హోదాలో పనిచేశారన్నది స్పష్టంగా ఉండేలా చూసుకోండి. హెచ్‌ఆర్ వాళ్లు మీరు మా ఉద్యోగి కాదనవచ్చు. అప్పుడు మీ పీఎఫ్ పాస్‌బుక్కు, ఈఎస్‌ఐ వివరాలు, గేట్ పాస్‌లు ముందు పెట్టండి. ఆరేళ్లలో ఎంతమంది కాంట్రాక్టర్లు మారినా ఆ పాస్‌బుక్కులో నెలనెలా జమలు కనిపిస్తాయి. ఆ ప్రతులన్నీ ఇప్పుడే తీసి ఇంట్లో పెట్టుకోండి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరూ ఇవ్వరు. అర్హతలు, ఫీజు, దరఖాస్తు గడువు తెలంగాణ బాయిలర్ల శాఖ ప్రకటనలోనే చూసుకోండి, ఎవరి నోటి మాటా నమ్మకండి.

పరీక్షలో మిమ్మల్ని ముంచేది లెక్కలు కాదు. మీరు రోజూ చేసే పని ఎందుకు చేస్తున్నారో చెప్పలేకపోవడమే. గేజ్ గ్లాసును షిఫ్టుకోసారి ఎందుకు బ్లో చేస్తాం, అంటే కాక్‌లు తెరిచి ఎందుకు కడుగుతాం? గ్లాసుకు వెళ్లే దారిలో మడ్డి పేరుకుంటే, లోపల నీరు తగ్గినా గ్లాసు నిండుగా కనిపించి మోసం చేస్తుంది. మొబ్రేను, అంటే తేలే బంతితో నీటిమట్టం కనిపెట్టే స్విచ్చును, ఎందుకు పరీక్షిస్తాం? అదీ మడ్డి పట్టి ఇరుక్కుపోతుంది, నీరు తగ్గినా బర్నరును ఆపదు. తేలిగ్గా కరిగే లోహం నింపిన ఫ్యూజిబుల్ ప్లగ్ కరిగేదెప్పుడు, కరిగితే ఏం జరుగుతుంది? రెండు సేఫ్టీ వాల్వులు ఎందుకు? వాల్వు కారుతోందని దాని మీద బరువు పెట్టినవాణ్ని నేను ఒకసారి పని నుంచి పంపించేశాను, అందుకు ఇప్పటికీ బాధపడను.

నీటి సంగతి బాగా చదవండి, ఎందుకంటే మన హైదరాబాద్ బోరు నీళ్లు కఠినమైనవి. జీడిమెట్ల, బాలానగర్ వైపు నీటి కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ లేకుండా బోరు నీళ్లు ఎక్కిస్తే కొద్ది వారాల్లోనే ట్యూబులకు సున్నపు పొర పడుతుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. ఇంధనం ఎక్కువ కాలుతుంది, ట్యూబు లోహం లోలోపల కాగిపోయి ఉబ్బుతుంది. సాఫ్ట్‌నర్‌కు ఉప్పు పెట్టే సమయం గడియారాన్ని బట్టి కాదు, కాఠిన్యం పరీక్షను బట్టి నిర్ణయించాలి. చిన్న షెల్ బాయిలర్లలో నీటిలోని టీడీఎస్ (కరిగిన లవణాలు) సుమారు 3,500 పీపీఎం దాటకుండా బ్లో డౌన్ ఇస్తాం, అంటే లోపలి నీళ్లు కొంత బయటికి వదులుతాం. అంతకు మించితే నీరు నురగ కట్టి ఆవిరితో పాటు లైనులోకి పోతుంది, మీ రియాక్టర్ జాకెట్లలో నీటి దెబ్బలు వినిపిస్తాయి. మరీ ఎక్కువ బ్లో డౌన్ ఇస్తే వేడి నీళ్లు, డబ్బు రెండూ కాలువలోకి పోతాయి. ఇంధనంగా బ్రికెట్లు వాడుతున్నారా, పొట్టు వాడుతున్నారా మీరు రాయలేదు. ఏదైనా సరే, దాని తేమను బట్టి గాలి ఎలా సర్దుతారో చెప్పడం నేర్చుకోండి. ఇదంతా మీ చేతులకు తెలుసు, నోటికి రావాలి.

ఒకవేళ గల్ఫ్ ఆలోచన ఉంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానే వెళ్లండి. అక్కడి కంపెనీలు ట్రేడ్ టెస్టు పెడతాయి. సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్నవాడికీ లేనివాడికీ ఆ గదిలో ఎంత తేడా చూపిస్తారో నా శిష్యులు ఇద్దరు వచ్చి చెప్పారు.

రాత్రి షిఫ్టుకు వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు కొనుక్కుని వెళ్లండి, కంపెనీది కాదు, మీ సొంతం. మొదటి పేజీలో బాయిలర్ మీద చెక్కిన నంబరు, నేమ్‌ప్లేట్ మీదున్న హీటింగ్ సర్ఫేస్, పని పీడనం, తయారైన సంవత్సరం రాసుకోండి. రెండో పేజీలో థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ వివరాలు. ఆ తర్వాత ప్రతి షిఫ్టుకు ఒక పంక్తి చాలు: తేదీ, టీడీఎస్, కాఠిన్యం, గేజ్ గ్లాసు, మొబ్రే చూసిన సమయం, ఏదైనా తేడా కనిపిస్తే అది. పరీక్షల బోర్డు పిలిచిన రోజున ఆ పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్లండి. అనుభవ పత్రం ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోకపోతే, ఏం సమాధానం చెప్పారో ఇక్కడే రాయండి. ఆ ఉత్తరం ఎలా రాయాలో కూర్చుని చూద్దాం.